సమ్మవ్వ వడ్లకు పర్మిషన్

పిట్లం నుంచి బాన్సువాడ వచ్చే రోడ్డు సమ్మవ్వకు కొత్త కాదు. ఆమె పెళ్లయి ఈ ఊరికి కాపురానికి వచ్చిన ఏడే ఆ రోడ్డు వేశారు. కొత్త కోడలన్న కనికరమైనా లేకుండా అత్త ఆమె నెత్తిన తట్ట పెట్టి కంకర మోయడానికి తోలింది. ఆగితే మేస్త్రీ అరుస్తాడని, కాగుతున్న తారు వాసనకు ఊపిరి బిగబట్టుకుని నడిచింది. ఆ తర్వాత తారు మీద తారు ఎన్నిసార్లు పోశారో, అటూ ఇటూ ఎంత వెడల్పు చేశారో ఆమెకు గుర్తు లేదు. ఎంత చేసినా అడుగున ఉన్నది తను పోసిన కంకరేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. ఆమె ఎవరికైనా చెబితే కదా కాదనడానికి!

అందుకే ఎండాకాలంలో యాసంగి కోతలయ్యాక, రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చేటప్పుడు తప్పు చేస్తున్నానన్న ఆలోచన ఆమెకు ఏనాడూ రాలేదు. ఊరంతా చేసే పనే అది. మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కాలువ కింద పొలాల్లో నేల చెమ్మగా ఉంటుంది. ఇళ్ల ముందు మంచం వేసుకునేంత జాగా కూడా లేదు. ఎండకు కాలి పెనంలా ఉండే తారురోడ్డును మించిన కల్లం చుట్టుపక్కల ఎక్కడా దొరకదు. సగం రోడ్డు వడ్లకు, సగం రోడ్డు బండ్లకు. బస్సు డ్రైవర్లు సణుక్కుంటూ ఆ సగంలోంచే పోతారు. ఎన్నో ఏళ్లుగా ఇదే ఒప్పందం. ఎవరూ రాసుకోలేదు గానీ అందరూ పాటిస్తారు.

సమ్మవ్వ బతుకులో ఒప్పందాలన్నీ ఆ తరహావే. ఆమె దున్నుకునే పొలం హరనాథబాబుది. ఆయన తాత కోస్తా నుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చి కాలువ కింద భూమి కొన్నాడు. వాళ్లుండే చోటును ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. ఆమె భర్త గంగయ్య బతికున్నప్పుడు ఒక పొద్దున హరనాథబాబు గట్టు మీద నిలబడి, "నువ్వు చేసుకో గంగయ్యా" అన్నాడు. కౌలు ఖరారు కావడానికి ఆ ఒక్క మాట చాలింది. గంగయ్య పోయాక, "నువ్వే చేసుకో సమ్మవ్వా" అన్నాడు. మళ్లీ అదే సరిపోయింది. నాట్లు ఆమెవే, నీళ్లు పెట్టడం ఆమెదే, కోత ఆమెదే. పాసుబుక్కు మాత్రం ఆయన పేరు మీద ఉంటుంది. వడ్లు అమ్మేటప్పుడు కొనుగోలు సెంటర్‌లో రాసుకునేదీ ఆయన పేరే. కౌలు కాగితం రాసిస్తే భూమి చేజారుతుందని ఆయన కొడుకు ప్రవీణ్‌కుమార్‌కు భయం. హరనాథబాబు చెడ్డవాడేమీ కాదు, పంట సొమ్ము ఖాతాలో పడ్డ రోజే తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. కానీ ఆ కాగితం గురించి ఆమె అడగలేదు, ఆయన ఎత్తలేదు.

పోయిన వానాకాలం పంటకు సెంటర్‌లో ఒక ముచ్చట జరిగింది. వడ్లెవరివని అడిగితే సమ్మవ్వ, "నాయి సారూ" అంది. గుమాస్తా కంప్యూటర్‌లో చూసి, "నీ పేరే లేదిండ్ల. పట్టాదారెవలు? నువ్వెవలు?" అని పది మంది ముందు కసిరాడు. ఆమె తల కొట్టేసినట్టయింది. ఆ మాట హరనాథబాబుతో చెబితే, "ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పెయ్యి సమ్మవ్వా, గొడవుండదు" అన్నాడు. ఆనాటి నుంచి చేతిలో కాగితం ఉన్నవాళ్లు ఎవరడిగినా ఆమె ఆయన పేరే చెబుతోంది. గొడవ కూడా ఏమీ రాలేదు, ఈ యాసంగి దాకా.

ఈసారి కోత మిషన్ ఆమె పొలానికి అందరికన్నా ఆఖరున వచ్చింది. ఊళ్లో వాళ్ల వడ్లన్నీ కాంటా అయిపోయాయి. ఆమెవి మాత్రం సెంటర్ దాకా వెళ్లి, "తేమ ఎక్కువున్నది, ఎండవోసి తే" అనిపించుకుని తిరిగి వచ్చాయి. సెంటర్ రేపోమాపో మూసేస్తారని అంటున్నారు. పడమర దిక్కున రోజూ సాయంత్రం మబ్బు పడుతోంది. ఒక్క వాన గట్టిగా కురిసిందంటే వడ్లు మొలకెత్తి ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. సమ్మవ్వకు కంటి మీద కునుకు లేదు. రోడ్డు మీద వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ, తిరగేస్తూ, మబ్బు వంక చూస్తూ పొద్దులు గడుపుతోంది.

ఆ స్థితిలో వచ్చింది, ఆ బండి.

ముందుగా ఎర్రజెండా కట్టిన జీపు ఒకటి వచ్చి రాళ్ల దగ్గర ఆగింది. దాని వెనక దూరంలో ఏదో ఇల్లు లేచి నడిచి వస్తున్నట్టు కనబడింది. దగ్గరికొచ్చేసరికి సమ్మవ్వ నోరు తెరుచుకుని ఉండిపోయింది. దానికి ఎన్ని చక్రాలున్నాయో లెక్క తేలదు. పైన టార్పాలిన్ కప్పిన కొండంత సరుకు. ఎక్కడో కడుతున్న కరెంటు సబ్‌స్టేషన్‌కు పోయే ట్రాన్స్‌ఫార్మర్ అట. మనిషి నడిచినంత నెమ్మదిగా వచ్చి, వడ్లకు కాస్త ఇవతల బుస్సుమని ఆగింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అదే.

జీపులోంచి దిగినవాడి పేరు చందూలాల్. మహారాష్ట్రలో దెగ్లూరు వైపు మనిషి. ఇలాంటి పెద్ద బండ్లకు ముందు జీపులో దారి చూపిస్తూ పోవడం అతని పని. తెలుగు వచ్చుగానీ పెద్దావిడ కనిపిస్తే మరాఠీలో పిన్నిని పిలిచినట్టు మావశీ అంటాడు.

"మావశీ, ఈ వడ్లు ఎత్తాలి. మా బండి పోదు" అన్నాడు.

"ఏడికెత్తాలె బిడ్డా? సగం తొవ్వ ఇడిచిపెట్టిన గద. బస్సులు పోతున్నయి, లారీలు పోతున్నయి, నీ బండికేమొచ్చింది?"

"బస్సుకు సగం చాలు. మా బండికి మొత్తం రోడ్డు కావాలి."

"మొత్తం రోడ్డు నీకెవలిచ్చిన్రు?"

వెక్కిరింపుగా అడిగింది, కానీ చందూలాల్ దగ్గర దానికి జవాబుంది. జీపులోంచి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన కాగితం తెచ్చి చూపించాడు. ఇంత వెడల్పు, ఇంత బరువు ఉన్న బండి, ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి, ఈ రోడ్డు మీద పోవచ్చునని సర్కారు ఇచ్చిన పర్మిట్ అది. పగలు మాత్రమే పోవాలి. ముందొక బండి, వెనకొక బండి ఎర్రజెండాతో ఉండాలి. ఇవాళ పొద్దుగుంకిందంటే దాని గడువు అయిపోతుంది.

సమ్మవ్వ ఆ కాగితం వంక అదేపనిగా చూసింది.

"ఇంత పెద్ద బండి రోడ్డెక్కొద్దని రూలు లేదా బిడ్డా?"

"ఉంది."

"మరి ఎట్లెక్కినవ్?"

"అందుకే కదా పర్మిట్."

"అంటే రూలు లేనట్టేనా?"

"ఉంది మావశీ. రూలుంది కాబట్టే పర్మిట్."

సమ్మవ్వ బుర్ర గిర్రున తిరిగింది. చెయ్యకూడని పని చెయ్యడానికి సర్కారే కాగితం ఇస్తుందని ఆమెకు ఇన్నేళ్లొచ్చినా ఎవరూ చెప్పలేదు. తెలిస్తే ఎప్పుడో తెచ్చుకునేది.

"గా కాయితం ఏడిస్తరు? నా వడ్లకు గూడ ఒకటి తెచ్చుకుంట" అంది.

చందూలాల్ పకపకా నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి తనూ ఆపేశాడు.

సమ్మవ్వ కొంగు ముడిలోంచి ఫోను తీసి కూతురికి చేసింది. కూతురు లత బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో పనిచేస్తుంది. సర్టిఫికెట్లు, దరఖాస్తులు, బిల్లులు, లోకంలో ఉన్న కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయని తల్లికి గట్టి నమ్మకం.

"లతా, రోడ్డు మీద వడ్లు పోసుకునేటందుకు పర్మిటున్నదా, జర చూడవే."

"ఏందవ్వా? గసుంటిదేం ఉండదు. అసలు రోడ్డు మీద ఆరవోసుడే తప్పు."

"తప్పయితేనే గదనే పర్మిట్ ఇచ్చేది!"

తల్లి ఎండదెబ్బకు ఏమన్నా అయిందా అన్న అనుమానం లతకు వచ్చింది. "అవ్వా, నీడకు కూసో. నీళ్లు తాగు. నేను మళ్ల చేస్త" అని పెట్టేసింది.

ఈలోగా బండి వెనక బస్సులు, లారీలు బారులు తీరాయి. హారన్ల మోత చెవులు చిల్లులు పొడుస్తోంది. కబురందుకుని లక్‌పతి వచ్చాడు. దగ్గరి తండా నుంచి కానిస్టేబుల్ అయిన కుర్రాడు, ఈ ఊళ్లో అందరూ ఎరిగినవాడే. ముందు ఆగిన బండ్లను ఊరి లోపలి దారికి మళ్లించాడు. తర్వాత పర్మిట్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇండ్ల వడ్ల ముచ్చట లేదు గదా" అన్నాడు చివరికి.

"ఎందుకుంటుంది సాబ్? రోడ్డు ఖాళీగా ఉంటుందనే కదా ఇస్తారు" అన్నాడు చందూలాల్. దారి చూడటానికి కంపెనీ వాళ్లు ఒకసారి వచ్చి పోయారట. అప్పుడు కోతల కాలం కాదు. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నగా కనిపించింది. ఈ జిల్లాలో రోడ్డు ఏడాదికి రెండుసార్లు సగానికి సగం తగ్గిపోతుందని వాళ్లకేం తెలుసు!

లక్‌పతికి ఇంకో చిక్కుంది. పోయిన సీజన్‌లో ఎవరివో వడ్లు అడక్కుండా పక్కకు నెట్టారని రోడ్డు మీద పెద్ద ధర్నా జరిగింది. వడ్ల ఆసామి నోటితో ఒప్పుకుంటేనే ముట్టుకోవాలని పై నుంచి గట్టిగా చెప్పారు. అందుకని జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద పెట్టి అడిగాడు.

"ఎవలయవ్వా గీ వడ్లు?"

ఖాకీ బట్టలు, పెన్ను, కాగితం. సమ్మవ్వ నోట అలవాటైన మాటే వచ్చింది.

"హరనాథబాబు సారుయి."

ఆ మాటతో ఆ పూటంతా పాడైపోయింది.

హరనాథబాబుకు ఫోన్ చేశారు. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆయన కంటి ఆపరేషన్‌కని నిజామాబాద్ దవాఖానలో ఉన్నాడు. ఆయన ఫోను భార్య నాగేశ్వరమ్మ సంచిలో అడుగున పడి ఉంది. క్యాంపుకు మనిషిని పంపితే ఇంటికి తాళం. ప్రవీణ్‌కుమార్‌కు చేస్తే, "ఏ వడ్లు? మేం వరి వెయ్యలేదే!" అన్నాడు. అది విని లక్‌పతి ఇంకా అయోమయంలో పడ్డాడు.

"ఆళ్లేమో మాయి కావంటున్రు. నువ్వేమో ఆళ్లయే అంటున్నవ్. మరి నడుమ పండిచ్చిందెవలు?"

"నేనే పండిచ్చిన."

"మరి వడ్లెవలయి?"

"సారుయి. సెంటర్ల గట్లనే ఉన్నది."

లక్‌పతి టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. పై ఆఫీసరుకు ఫోన్ చేస్తే రోడ్ల శాఖ వాళ్లను అడగమన్నాడు. రోడ్ల వాళ్లు, బండ్లకు పర్మిట్లిచ్చే ఆఫీసు వాళ్లను అడగమన్నారు. ఆ ఆఫీసు వాళ్లు, పర్మిట్ సరిగానే ఉంది కదా, ఇక మమ్మల్ని అడిగేదేముందన్నారు. ఎవరి మాట విన్నా నిజమే అనిపిస్తోంది, బండి మాత్రం అడుగు కదలడం లేదు. చుట్టూ జనం పోగయ్యారు. బండి నీడలో పిల్లలు ఆడుతున్నారు. ఎవరో పెద్దాయన దాని చక్రాలకు దండం పెట్టి పోయాడు.

పొద్దు వాలే వేళకు చందూలాల్ ఓపిక నశించింది. సమ్మవ్వ దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"మావశీ, నువ్వే చెప్పు. జరపమంటావా, వద్దంటావా? మా వాళ్లందరూ చెయ్యేస్తారు. బండి పోయాక మళ్లీ ఉన్నచోట పోసిస్తాం. ఒక్క గింజ పోనివ్వం."

మంచి మాటే. అంత మర్యాదగా అడిగితే కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు. సరే అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. సరే అనడానికి తనెవరు? రేపు, నా పేరు మీదున్న వడ్లు ఎవరినడిగి కదిలించావని ఎవరైనా అంటే? ఏళ్ల తరబడి బురదలో నడుం వంచిన మనిషి, ఆ గింజల ముందు పరాయిదానిలా నిలబడింది. చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆమె మీద మాత్రం మండదు.

"నేనెట్ల చెప్త బిడ్డా? కాయితంల నా పేరు లేదు" అంది.

పడమటి మబ్బులో సూర్యుడు మునిగిపోయాడు. చందూలాల్ పర్మిట్ వంక, ఆకాశం వంక చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

అప్పుడే గాలి లేచింది. దుమ్ము కళ్లల్లో కొట్టింది. మొదటి చినుకు సమ్మవ్వ చెంప మీద పడింది.

ఆమె చెక్క పలక అందుకుని పిచ్చిదానిలా వడ్లు దగ్గరికి నెట్టడం మొదలుపెట్టింది. ఒక్క మనిషి, అంత పరుపు, ఎక్కడ అందుతుంది! "అయ్యో నా వడ్లు, అయ్యో నా వడ్లు" అని అరుస్తూ నెడుతోంది. ఆ మాట తను అంటున్నట్టు ఆమెకు తెలియదు. లక్‌పతి బూట్లు విప్పి పడేసి ఇంకో పలక అందుకున్నాడు. చందూలాల్ మనుషులు పరుగెత్తుకొచ్చారు. చోద్యం చూస్తున్నవాళ్లు కూడా చేతులేశారు. తలా ఒక వైపు నుంచి నెడితే చూస్తుండగానే వడ్లన్నీ రోడ్డు వారగా కుప్పయ్యాయి. ఆమె దగ్గరున్న టార్పాలిన్లు చాలకపోతే చందూలాల్ తన బండిలో ఉన్న పెద్దది తెచ్చి కప్పించాడు. అంచుల మీద రాళ్లు పెట్టేసరికి వాన దంచి కొట్టింది.

అందరూ తడిసి ముద్దయి, బండి పక్కన నిలబడి రొప్పుతున్నారు. లక్‌పతి రోడ్డు వంక చూశాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఖాళీ. మధ్యాహ్నం నుంచి ఎవరిని అడగాలో తెలియక ఆగిపోయిన పని, ఎవరినీ అడక్కుండానే అయిపోయింది. బండి పోవడానికి కావలసినంత దారి ఉంది. పోవడానికి పర్మిట్ లేదు.

"ఇప్పుడు పోరాదు?" అంది సమ్మవ్వ.

"ఇప్పుడు పోతే తప్పు మావశీ" అన్నాడు చందూలాల్, తలగుడ్డ పిండుకుంటూ.

సమ్మవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు కడిగినట్టు ఎండ కాసింది. పర్మిట్ లేని బండి కదలకూడదు, అది కదిలితే గానీ రోడ్డు తెరుచుకోదు. అందుకని లక్‌పతి ముందూ వెనకా రాళ్లు పెట్టి, వచ్చే పోయే బండ్లన్నిటినీ ఊరి దారికే మళ్లించాడు. సమ్మవ్వ వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లలాంటివే అవీ. బండి ముందు రోడ్డు మొత్తం ఖాళీగా పడి ఉంది. సమ్మవ్వ కాసేపు ఆలోచించి, ఎవరినీ అడగకుండా, టార్పాలిన్ తీసి వడ్లన్నీ రోడ్డు పొడుగునా, వెడల్పునా పల్చగా పరిచింది. అంత మంచి కల్లం ఆమెకు జన్మలో దొరకలేదు. బస్సు లేదు, హారన్ లేదు, దుమ్ము లేదు.

మధ్యాహ్నానికి హరనాథబాబు వచ్చాడు. ఆపరేషన్ అయిన కంటికి నల్లద్దాలు పెట్టుకుని, కారు దిగి తడుముకుంటూ నడిచాడు. లక్‌పతి ఎదురెళ్లి, నిన్నంతా ఆయన కోసం ఎంత ఎదురుచూశారో చెప్పుకొచ్చాడు.

"నా కోసమెందుకయ్యా? ఆవిడ ఇక్కడే ఉందిగా. వడ్లు ఆవిడవే కదా!"

"మీయి అని చెప్పింది సార్."

హరనాథబాబు నల్లద్దాలు సమ్మవ్వ వైపు తిప్పాడు. "అదేంటి సమ్మవ్వా? అవి నావని నేనెప్పుడన్నాను?"

"ఎవలన్న అడిగితే నీ పేరే చెప్పమంటివి గద సారూ."

"అది సెంటర్‌లో! కాగితం కోసం!"

"ఈ సారు చేతుల గూడ కాయితమే ఉండె" అంది సమ్మవ్వ లక్‌పతిని చూపించి. ఎత్తిపొడుపు కాదది. సెంటర్ కాగితానికి, పోలీసు కాగితానికి తేడా ఏమిటో, ఏ కాగితం ముందు వడ్లు తనవో, ఏ కాగితం ముందు కావో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు హరనాథబాబు మొహం వంకే చూస్తున్నారు. ఆ నల్లద్దాలు లేకపోతే ఆయన చాలా ఇబ్బంది పడేవాడు.

కొత్త పర్మిట్ ఆ సాయంత్రానికి ఆన్‌లైన్‌లో వచ్చింది. చందూలాల్ దాన్ని బాన్సువాడలో లత దగ్గరే ప్రింట్ తీయించుకొచ్చాడు. "మా అవ్వ వడ్లు ఎండినయా?" అని అడిగిందట ఆ పిల్ల. ఎండాయి. అరచేతిలో వేసి నలిపితే గలగలమన్నాయి. ఆ పూటే సమ్మవ్వ వాటిని మళ్లీ రోడ్డు వారన కుప్ప చేసింది.

తెల్లవారాక తండాలో ఉండే సోమ్లా ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుని వడ్లన్నీ ట్రాలీకెత్తింది. సెంటర్ ఉన్నది బాన్సువాడ వైపే. కానీ పెద్ద బండికి దారి ఖాళీగా ఉండాలని, అది పోయేదాకా దాని ముందు ఏ బండినీ రోడ్డెక్కనివ్వడం లేదు లక్‌పతి. అటు చందూలాల్‌కు ఇంకో చిక్కొచ్చింది. వెనక రావలసిన జీపు రాత్రి పిట్లం వెళ్లి, చెడిపోయి అక్కడే ఆగిపోయింది. వెనక ఎర్రజెండా బండి లేకుండా కదిలితే అదీ తప్పే. లక్‌పతి ఇద్దరినీ చూశాడు.

"అవ్వా, నీ ట్రాక్టర్ ఎట్లాగూ ఎనకనే రావాలె. ఎర్రగుడ్డ కట్టుకుని రా. నేను రాసుకుంట" అన్నాడు.

మళ్లీ పెన్ను తీశాడు. ట్రాక్టర్ నంబరు రాసుకున్నాడు. సోమ్లా పేరు రాసుకున్నాడు.

"సరుకు ఎవలది?"

పొద్దున్నే మళ్లీ వచ్చిన హరనాథబాబు కారు దగ్గర నిలబడి ఉన్నాడు. సమ్మవ్వ అలవాటు చొప్పున ఆయన వైపు చూసింది. ఆయన నల్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆమె ట్రాలీ వంక చూసింది. రాత్రంతా కాపలా కాసిన గింజలు. దాని కింద కొత్త కోడలిగా కంకర మోసిన రోడ్డు.

"నాయి" అంది.

ఏమీ జరగలేదు. ఎవరూ కసరలేదు. లక్‌పతి రాసుకుని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అంత తేలిగ్గా అయిపోయేసరికి సమ్మవ్వకు అనుమానమొచ్చి, "ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగింది. "సమ్మవ్వ వడ్లు అని రాసిన" అన్నాడతను. ఆమె ఇంకోసారి చదవమంది. అతను ఇంకోసారి చదివాడు. ఎందుకో ఆమెకు కళ్లు చెమర్చాయి. ముసలితనం మీద కోపమొచ్చి కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

కొండంత బండి ముందు, దాని వెనక ఎర్రగుడ్డ కట్టిన ట్రాక్టర్, ట్రాలీలో వడ్ల మీద సమ్మవ్వ. మనిషి నడిచినంత నెమ్మదిగా పోయారు. దారి పొడుగునా జనం ఆగి చూశారు. సర్కారు పర్మిషన్‌తో పోతున్నానని ఆమె నిటారుగా కూర్చుంది. సెంటర్ దగ్గర ట్రాక్టర్ పక్కకు తిరిగితే చందూలాల్ జీపులోంచి చెయ్యి ఊపాడు. అక్కడి నుంచి బాన్సువాడ దాకా లక్‌పతి తన బైకుకు ఎర్రగుడ్డ కట్టుకుని బండి వెనక పోయాడు.

సెంటర్‌లో అదే గుమాస్తా, అదే కంప్యూటర్. వరుస ప్రకారం పేర్లు పిలుస్తున్నాడు.

"హరనాథబాబు!"

ఎప్పుడైనా ఆ పేరు వినగానే సమ్మవ్వ లేచి, "ఆ సారూ" అంటుంది. ఇవాళ లేవలేదు. ఎందుకు లేవలేదో ఆమెకే తెలియదు. గుమాస్తా తలెత్తి ఇంకోసారి, గట్టిగా పిలిచాడు. అప్పుడు లేచి బల్ల దగ్గరికి నడిచింది.

"ఆయన రాలేదు. వడ్లు నాయి. తేమ చూడు."

"పేరు హరనాథబాబు అనున్నది గదవ్వా."

"ఉంటదిగ. పేరు ఆయనది. వడ్లు నాయి."

"మరి నన్నేం రాయమంటవ్?"

"గది నాకెట్ల ఎరుక బిడ్డా? నాకు గీ రెండు దినాలకెల్లి తల తిరిగిపోతుంది. ఒక్కటి మాత్రం ఎరుక. గివి నాయి."

గుమాస్తా ఆమె వంక చూశాడు. కసురుదామని నోరు తెరిచినవాడల్లా వడ్లు గుప్పెడు తీసి మిషన్‌లో పోశాడు. తేమ సరిపోయింది. కంప్యూటర్ ముందుకు జరిగి, పేరు ఉన్న చోటికొచ్చి, చెయ్యి ఆపి తల గోక్కున్నాడు. సమ్మవ్వ బల్లకు ఇవతల నిలబడే ఉంది.